కోటకొమ్ము కొలత

కోటకొమ్ము అంచు నేసే మా వీధిలో కోట చూసినవాడు ఒక్కడూ లేడు. ఎవరినో తక్కువ చెయ్యాలని అనడం లేదు, ఉన్న మాట. ధర్మవరంలో ఆ రోజుల్లో ఏ ఇంట్లోకి తొంగిచూసినా ఏదో ఒక మగ్గం మీద కోటకొమ్ము చీర ఉండేది. అంచు రంగు చీర ఒంట్లోకి పళ్ళు పళ్ళుగా, మొనదేలి, వరసగా ఎక్కి దిగుతుంది. ఆ ఒక్కో పన్నునూ కొమ్ము అంటాం. కోటగోడ నెత్తిన వరసగా లేచి ఉండే దిమ్మెలకూ అదే పేరు. సైనికులు వాటి చాటున నక్కి బయటికి చూసేవారట.

మా మామ నలభై ఏళ్ళుగా ఆ కొమ్ములే నేస్తున్నాడు. ఆయన నాకు రెండు విధాలా మామ. మా అమ్మకు సొంత అన్న, నా మొగుడికి తండ్రి. అందుకే ఆయన ముందు నాకు నోరు లేచేది. పరాయి ఇంటి నుంచి వచ్చిన కోడలైతే తలుపు చాటున నిలబడి గొణుక్కునేది. నేను ఎదురుగా నిలబడి అనేదాన్ని.

నేను పుట్టి పెరిగింది హిందూపురంలో. మా నాయనకు మగపిల్లలు లేరు, ముతక నూలు నేసే మగ్గం ఒకటి ఉండేది. నన్నే మగ్గంలో కూర్చోబెట్టాడు. పెళ్ళి అయ్యే నాటికి పంచెలు, తువ్వాళ్ళు, పొలం పనులకు కట్టే గళ్ళ చీరలు ఎన్ని నేశానో నాకే తెలియదు. ధర్మవరం వచ్చాక నా చేతికి రాట్నం ఇచ్చారు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు పట్టును కండెలకు చుడతారు. కొత్త పడుగును, అంటే నిలువు దారాలను, పాత పడుగు కొసలకు పోగు పోగుగా అతుకుతారు. నేసేవాడు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంతలోకి మాత్రం కాలు పెట్టరు. ఎందుకు పెట్టరని మా అత్తను అడిగాను. "పెట్టరు గాబట్టి పెట్టరు" అంది. దానితో ఆ విచారణ ముగిసింది.

అతకడంలో నన్ను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. రెండు పోగుల కొసలు వేళ్ళ మధ్య పెట్టి, బూడిద అద్ది ఒక్క మెలిక తిప్పితే అతుకు ఎక్కడుందో నేసేవాడికి కూడా తెలిసేది కాదు. అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకున్న కొద్దీ నాకు ఒళ్ళు మండేది. నేత వచ్చిన చెయ్యి ఇది, అతకడానికి మాత్రమే పనికొస్తుందా అని.

రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి ఒకటి రెండేళ్ళ ముందు మా మరిది రైల్వే పనిలో చేరి గుంతకల్లు వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉన్న మూడు మగ్గాల్లో అతనిది ఖాళీ అయింది. పక్క వీధి నేతగాడు ఒకాయన వచ్చి, ఆ మగ్గం విప్పి తీసుకుపోతానని అడిగాడు. మామ సరేనన్నాడు. అమావాస్య నాడు మేం మగ్గం ముట్టం కనుక, వచ్చే అమావాస్య మర్నాడు బండి తెచ్చుకోమని గడువు కూడా చెప్పాడు.

ఆ మగ్గం నాకు కావాలి. దాచేదేముంది, అది గడప దాటిందంటే జన్మంతా నేను రాట్నం ముందే కూర్చోవాలని నాకు తెలుసు. నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు.

ఆ మాట సూటిగా అడిగితే మామ వినడు. అందుకని పక్కనుంచి వచ్చాను. ఆయన మగ్గంలో కూర్చుని కొమ్ము ఎక్కిస్తున్నాడు. నేను కండెలు అందిస్తూ అడిగాను.

"మామా, నువ్వు నేసే ఈ కొమ్ము కోట మీద ఇట్లనే ఉంటాదా? సూసినావా?"

"సూసేదేముండాది? మా తాత నేసినాడు, మా నాయన నేసినాడు, నేను నేస్తాండా."

"వాళ్ళూ సూసిండరు."

ఆయన చేతిలో అటూ ఇటూ ఆడే నాడె ఆగింది. మామకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏమే, హిందూపురం నుంచి వచ్చి నాకు కొమ్ము నేర్పిస్తాండావా?"

"నేర్పీలే, అడిగినా. పట్టుకని బెంగుళూరికి పోయినప్పుడల్లా రైలు పెనుకొండ కింద నుంచే కదా పోయేది. ఒక్కపారి గూడా దిగి సూడాలనిపీలేదా?"

ఆయన నా చేతిలోని కండె తీసుకుని నాడెలో పెట్టుకున్నాడు. నిజంగానే ఎన్నడూ దిగలేదు. నేను అదే అదను అనుకున్నాను.

"పెనుకొండకు పోదాం పా. కోటను సూసి నేనొక అంచు తెస్తా. బాగుండాదని నీ నోటితో నువ్వే అంటే ఆ ఖాళీ మగ్గం నాది. బాగలేదంటే ఇంక నా నోట మగ్గం మాట రాదు."

"రాదు గదా? నీ మొగుని ముందర సెప్పు ఆ మాట."

మా ఆయన పక్క మగ్గంలోనే ఉన్నాడు, అంతా విన్నాడు. ఆయన నెమ్మదస్తుడు. "మీదంతా ఒకటే రక్తం. మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను నడాన ఏసి నలపాకండి" అని తల వంచుకుని నేసుకున్నాడు.

అలా తాడో పేడో తేల్చుకోవడానికి నేనూ మా మామా ఒక చలికాలం పొద్దున పాసింజరు ఎక్కాం. జొన్నరొట్టెలు, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి మూటగట్టి, నడుముకు నూలు ఉండ ఒకటి దోపుకున్నాను. మామ ఎండ లేకపోయినా గొడుగు పట్టుకున్నాడు. మగవాడు ఊరికి పోతున్నాడంటే చేతిలో గొడుగు ఉండాలని ఆయన నమ్మకం.

పెనుకొండ స్టేషన్లో దిగి ఊళ్ళోకి నడిచాం. కొండ ముందే కనిపిస్తుంది. ఊరంతా దాని ఒళ్ళో ఉంది. కోట వాకిలిని మా వైపు గవిని అంటారు. ఆ గవిని లోపల నిలువెత్తు ఆంజనేయుడు ఉన్నాడు. మామ సాష్టాంగపడి లేచి, దుమ్ము దులుపుకుంటూ గోడ వంక చూశాడు. చూసి దగ్గరకు వెళ్ళాడు. రెండు రాళ్ళ మధ్య గీత మీద బొటనవేలి గోరు పెట్టి కింది నుంచి పైకి లాగాడు. గోరు ఎక్కడా దిగలేదు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి కూర్చుని ఉంది.

"పేకను గట్టిగా కొట్టినారే" అన్నాడు, అడ్డపోగులను బిగించి నేసిన గుడ్డను మెచ్చుకున్నట్టు.

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. నేతగాడికి బాగున్నది ఏదైనా చివరికి గుడ్డే. గవిని దాటగానే దారి తిన్నగా పోలేదు, ఎదురుగా గోడ అడ్డం వచ్చింది. కుడికి తిరిగితే ఇంకో గోడ, మళ్ళీ తిరగాలి. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా అలా కట్టారని తర్వాత ఎవరో చెప్పగా విన్నాను. ఆ పూట మాత్రం కట్టినవాళ్ళకు సూటిగా మాట్లాడడం రాదేమోనని అనుకున్నాను.

గగన మహలు దగ్గర మామకు నిజంగా పట్టుకుంది. బయటి నుంచి చూస్తే కింది అంతస్తు తురకల కట్టడంలా ఉంటుంది, బోడి గోడలు, మొనదేలిన కమానులు. పైన ఒక మూల మాత్రం గుడి గోపురంలా అంతరువు మీద అంతరువు పేర్చిన శిఖరం లేచింది. రెండు ఊళ్ళ నేతలు ఒకే మగ్గం మీద ఉన్నట్టుంది. పడుగు అతికే మనిషిని కదా, నా కళ్ళు వెంటనే అతుకు కోసం వెతికాయి. ఎక్కడ ఇది ఆగి అది మొదలైంది? చుట్టూ రెండుసార్లు తిరిగాను. చూరు కింద రాతి పట్టీ ఒకటి సన్నగా గోడ పొడుగునా పోతుంది. దాని కింద కమాను, దాని పైన గోపురం. అంతే, ఆ పట్టీతో అతికేశారు. ఆ పనివాడి చెయ్యి నా చేతిలాంటిదని నాకు గర్వంగా అనిపించింది.

లోపల నలుచదరపు గది ఒకటి ఉంది. దాని పైకప్పు గుండ్రంగా ఉంది. చదరం మీద గుండ్రం ఎలా కూర్చుంది? మామ మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. తర్వాత గొడుగు పక్కన పెట్టి, తువాలు పరుచుకుని, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. నాకు సిగ్గేసింది.

"లెయ్ మామా, ఎవురన్నా వస్తే ఏమనుకుంటారు? సాకు, పోదాం పా."

"సాకంట సాకు! కన్నడం తప్ప చాలు అనేదానికి నోరు రాదా హిందూపురం దానికి? ఉండు. ఆ మూలల్ని సూడు."

చూశాను. గది నాలుగు మూలల్లోనూ గోడ పై కొసన చిన్న కమాను ఒకటి అడ్డంగా కట్టి మూలను కోసేశారు. నాలుగు మూలలు ఎనిమిది అయ్యాయి. ఆ ఎనిమిదింటి మీద గుండ్రం హాయిగా కూర్చుంది. మామ పడుకునే వేలితో గాలిలో గీశాడు. నాలుగు, ఎనిమిది, గుండ్రం. "తెలివైన నా కొడుకులు" అన్నాడు. ఆ మాటను ఆయన మంచి నేతగాళ్ళకు తప్ప ఎవరికీ వాడడు.

తర్వాత కొండ ఎక్కాం. మెట్లు కొంతదూరం బాగానే ఉన్నాయి, ఆ పైన బండలే. మగ్గం తొక్కిన కాళ్ళు కూర్చుని ఎంతసేపైనా ఆడతాయి గానీ ఎక్కడం వాటి వల్ల కాదు. మామ ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఏదో చూస్తున్నట్టు గోడను తడిమి, ఊపిరి తీసుకుని మళ్ళీ బయలుదేరేవాడు. అలసిపోయినావా అంటే ఊరుకుంటాడా, గోడ చూస్తున్నానంటాడు. నేనూ చూస్తున్నాననే అన్నాను. ఇద్దరం కలిసి చాలా గోడ చూశాం.

నిజానికి అది చూడదగిన గోడే. కొండ ఎలా పోతే గోడ అలా పోయింది. పెద్ద బండ అడ్డం వస్తే దాన్ని పగలగొట్టలేదు, ఆ బండనే గోడలో కలుపుకుని దాని రెండు చెవుల నుంచీ మళ్ళీ రాళ్ళు పేర్చుకుంటూ వెళ్ళారు. కిందివి మనిషెత్తు రాళ్ళు, పైకి పోయేకొద్దీ చిన్నవి. అడుగున గోడ మందం, పైకి సన్నం. దారిలో ఒకదాని తర్వాత ఒకటి గవినులు వచ్చాయి. ఒక్కో గవినికీ తలుపు తిరిగే గుంటలు పైనా కిందా రాతిలో తొలిచి ఉన్నాయి. తలుపులు ఎప్పుడో పోయాయి. ఆ గుంటల్లోకి వేలు పెడితే నూనె పూసినట్టు నున్నగా ఉంది, అన్ని వేలసార్లు తిరిగి ఉంటాయి.

పైకి చేరాక ఒక కొలను, నరసింహస్వామి గుడి, పడిపోయిన ధాన్యం కొట్లు, బురుజులు. ఎవరూ లేరు, గాలి తప్ప. రొట్టె తిని, నీళ్ళు తాగి, కొమ్ముల వేటలో పడ్డాం. చాలా చోట్ల రాలిపోయాయి. గోడ బోడిగా ఉంది. చివరికి ఒక బురుజు పక్కన ఒక ఇరవై దాకా వరసగా నిలిచి ఉన్నవి కనిపించాయి. మేం గోడకు బయట, కింద బండ మీద నిలబడి తలెత్తి చూశాం.

కొమ్ములు మొనదేలి లేవు. ఒక్కటి కూడా లేదు. ఇటుకతో కట్టి గార పూసిన దిమ్మెలు. పక్కలు నిటారుగా లేచి నెత్తిన గుండ్రంగా వంగాయి. ఒక్కో దిమ్మె నడుమ బాణం పట్టేంత సన్నని చీలిక.

మామ ఒక్కో దిమ్మెనూ వేలితో లెక్కపెట్టాడు. నేను మాత్రం ఊరుకోలేదు. ఊరుకోవలసింది. "సూసినావా మామా? నలభై ఏండ్లు లేని కొమ్ము నేసినావు!" అని చప్పట్లు కొట్టాను. ఆయన గొడుగు విప్పుకుని అటు తిరిగి నిలబడ్డాడు. పాపం అనిపించలేదు నాకు. గెలిచేశానని సంబరం.

బండ మీద నుంచి గోడ ఎక్కి, నూలు ఉండ విప్పి ఒక దిమ్మెను కొలిచాను. అడుగు వెడల్పుకు ఒక ముడి, నిటారు ఎత్తుకు ఒక ముడి, గుండ్రం మొదలయ్యే చోటికి ఒకటి, నెత్తికి ఒకటి. మాకు కాగితం మీద గీయడం అలవాటు లేదు. ముడి ఉంటే చాలు, ఎంత పెద్దదైనా పోగుల లెక్కలోకి దించుకుంటాం. ఆ నూలు చేతికి చుట్టుకుని దిగాను. రైల్లో మామ ధర్మవరం దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరక్కుండానే మా ఆయన మగ్గం మీద నేత పూర్తయిన చీర కోశారు. పడుగు కొస మూరెడు మిగిలింది. ఆ మూరలో నా అంచు నేసి చూపమన్నాడు మామ. మా ఆయన నేశాడు, నేను పక్కన కూర్చుని ఏ పోగు దగ్గర అంచు దారం ఆగాలో, ఏ పోగు దగ్గర ఒంటి దారం దాన్ని మెలేసుకుని వెనక్కి తిరగాలో చెప్పాను. కొమ్ములు అచ్చం కోట మీద ఉన్నట్టే లేచాయి. నిటారు పక్కలు, గుండ్రని నెత్తి. ఒక్క పోగు తేడా లేదు.

కోసి తీసి గోడకు వేలాడదీశాం. అందరం దూరంగా నిలబడి చూశాం. మా అత్త వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తల ఒక పక్కకు వంచి చూసి, "ఏమ్మే, సమాధులు పేర్చినావా?" అంది.

అంతే. ఆ మాట అన్నాక అది ఇంకేదిగానూ కనిపించలేదు. చీర పొడుగునా గోరీలు. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళాడు. మామ నవ్వలేదు. గుడ్డను ముట్టి, వేలితో ఒక కొమ్మును తడిమి, "బాగలేదు" అన్నాడు. వెక్కిరించి ఉంటే నేనూ నాలుగు అని ఉండేదాన్ని. వెక్కిరించకపోవడంతో ఏడుపొచ్చింది. పెరట్లోకి పోయి కరువుదీరా ఏడ్చాను. మాట ఇచ్చాను, ఓడిపోయాను, మగ్గం పోయింది.

అమావాస్యకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఆ గుడ్డ ముక్కనే చూసేదాన్ని. కొలత తప్పలేదు. నేత తప్పలేదు. మరి ఏం తప్పింది? పాత కొమ్ము ఒకటి పక్కన పెట్టి చూశాను. మొనదేలిన పాత కొమ్ములో, కొమ్ముకూ కొమ్ముకూ మధ్య ఉన్న ఖాళీ కూడా తలకిందులైన కొమ్మే. అటు చూసినా కొమ్మే, ఇటు చూసినా కొమ్మే. నా దాంట్లో కొమ్ముల మధ్య ఉన్నది ఏ ఆకారమూ లేని సందు.

అప్పుడు తెలిసింది నా తప్పేమిటో. కోట కట్టేవాడు దిమ్మె కడతాడు, సందు దానంతట అదే వస్తుంది, అక్కడ ఉండేది గాలి. గుడ్డలో గాలి ఉండదు. సందును కూడా పోగు పోగుగా నెయ్యాలి. నేను రాయిని కొలిచి, గాలికి కొలతేమిటని వదిలేశాను. మా పెద్దలు కోటను చూసి ఉండకపోవచ్చు, గుడ్డను మాత్రం చూశారు. ఆయన ముందు చప్పట్లు కొట్టినందుకు అప్పుడు సిగ్గుపడ్డాను, బాగా సిగ్గుపడ్డాను.

కానీ తప్పు తెలిసినంత మాత్రాన ఒప్పు ఏదో తెలియదు కదా. గుండ్రని కొమ్ముకు సరిపడే సందు ఏది? చెప్పుకుందామంటే మగ్గం మాట ఎత్తనని నోరు కట్టేసుకున్నాను. రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో రోజు, ఎత్తనన్నది మగ్గం మాటే గానీ అంచు మాట కాదు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. మామతో చెబుదామని పొద్దున లేచేసరికి మామ ఇంట్లో లేడు. గొడుగు కూడా లేదు.

"యాడికి పోయినాడు?" అని అత్తను అడిగాను.

"నాకేం తెలుసు, చీకట్లోనే లేసి రెండు రొట్టెలు కట్టమన్న్యాడు. పట్టు కోసరమేమో."

పట్టు ఇంట్లో నిండుగా ఉంది. ఆయన సాయంత్రం పాసింజరుకు దిగాడు. వీధి మలుపులోంచి వస్తుంటే చూశాను, గొడుగును కర్రలా ఊనుకుని, మెట్టుకో మాట తిట్టుకుంటూ గడప ఎక్కాడు. మోకాళ్ళు వాచి ఉన్నాయి. అత్త పెట్టిన నీళ్ళు తాగకుండానే నడుములోంచి నూలు ఉండ తీసి నా ఒళ్ళో పడేశాడు. దాని నిండా ముడులు.

"కొమ్ము కొల్సినావు, సందు ఇడిసిపెట్టినావు" అన్నాడు.

"తెల్సింది మామా. మొన్ననే తెల్సింది."

"నాకు ఆ పొద్దే తెల్సింది, గుడ్డ సూసినప్పుడే." కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. "మనము బయట నిలబడి సూసినాము గదే. బయట నిలబడేది పగోడు. కోట లోపలికి పోయి, కొమ్ము సాటున నక్కి సూడాల. ఈపొద్దు అట్ల కూసోని సూసినా. సందు అడుగున తిన్నగ లేదు. గారను గిన్నె మాదిరి గుండ్రంగ తీసినారు, వాన నీళ్ళు నిలబడకుండా జారేదానికి. పైన కొమ్ము ఎంత గుండ్రమో, కింద సందు అంత గుండ్రం. తలకిందలు, అంతే."

నేను ముడులు తడిమాను. ఒకటి కాదు, ఏడు సందులు కొలిచాడు. ఏ రెండూ ఒకటిగా లేవు. కట్టినవాడి చెయ్యి అటూ ఇటూ అయింది. వానలు కొంత తినేశాయి.

"ఏది తీసుకుందాం మామా?"

"అది నువ్వు సెప్పల్ల. అంచు నీది."

నేను రెండు నూలు ఉండలూ విప్పి పక్కపక్కన పరిచాను. ఏ సందునూ తీసుకోలేదు నేను. నా మొదటి నూలులో కొమ్ము నెత్తి గుండ్రం ఉందే, అదే కొలతను తిప్పి సందు అడుగుకు ఇచ్చాను. నిటారు పక్కలు కూడా తీసేసి, కొమ్ము నెత్తి నుంచి సందు అడుగు దాకా ఒకే వంపుగా జారేలా పోగులు లెక్క పెట్టాను. మర్నాడు మామ తన మగ్గం మీద పడుగు కొస నాకోసం వదిలాడు. మా ఆయన నేశాడు. కాఫీ గింజ రంగు అంచు, ఆవపువ్వు రంగు ఒళ్ళు. కోసి గోడకు వేశాం. అంచు వైపు నుంచి చూస్తే కొమ్ములు ఎక్కుతున్నాయి, ఒంటి వైపు నుంచి చూస్తే కొమ్ములు దిగుతున్నాయి. ఏది కోటో ఏది ఆకాశమో చెప్పలేం. మా అత్త వచ్చి చూసింది. పోతూ పోతూ కొంగుతో దాని మీద దుమ్ము దులిపింది.

మామ మాత్రం బాగుందని అనలేదు. నాకు భయం పట్టుకుంది. బాగుందని తన నోటితో అంటేనే కదా మగ్గం నాది. అడగడానికి నాకు నోరు లేదు. అమావాస్య వచ్చింది, వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే పక్క వీధి నేతగాడు బండి, మోకులు, ఇద్దరు మనుషులతో వాకిట్లో నిలబడ్డాడు. నేను రాట్నం ఆపాను.

మామ మగ్గంలోంచి లేవకుండానే తల తిప్పి చెప్పాడు. "ఏమప్పా, ఏమీ అనుకోవాకు. మగ్గం ఖాళీ లేదు. మనిషి ఉండాది."

"ఎవురప్పా? నీ చిన్నకొడుకు తిరిగొచ్చినాడా?"

"నా చెల్లెలి కూతురు" అన్నాడు మామ. కోడలు అనలేదు.

బండి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి ఆ మగ్గం ముందు నిలబడ్డాను, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వదిలాను. అది మా మరిది కాళ్ళకు తవ్విన గుంత, అతను తాడిలా పొడుగు. నా పాదాలు గాలిలో ఆడాయి. ఎంత చాచినా వేళ్ళ కొసలు కూడా కింది తొక్కుడు చెక్కలకు తగలలేదు. ఇంట్లో అందరూ చూస్తున్నారు. ఇన్ని మాటలు మాట్లాడి, ఇంత చేసి, ఇప్పుడు ఇది చేతకాదని లేవడమా అని గుంత అంచు పట్టుకుని ఇంకా కిందికి జరిగాను.

మామ లేచాడు. కుంటుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. గంపెడు ఎర్రమట్టి ఎత్తుకొచ్చి, నన్ను పక్కకు జరగమని, గుంతలోకి దిగి తొక్కుడు చెక్కలు ఊడదీశాడు. మట్టి పోసి, నీళ్ళు చల్లి, ఆ వాచిన కాళ్ళతోనే తొక్కి గట్టిపరిచాడు. ఇంకో గంప తెచ్చాడు. అదీ తొక్కాడు. చెక్కలు మళ్ళీ బిగించి, తాళ్ళు పొట్టి చేసి కట్టి పైకొచ్చాడు. ఆ చెక్కల మీదికి నన్ను కాళ్ళు పెట్టమన్నాడు. పెట్టాను.

"ఆనినాయా?"

"ఇంకా రెండు వేళ్ళ మందం మట్టి కావాల మామా."

ఆయన నా వంక ఒకసారి చూసి, గంప తీసుకుని మళ్ళీ పెరట్లోకి వెళ్ళాడు.